ముప్పై ఎనిమిదో బిళ్ల

అప్పటికే రెండు పడవలు నీళ్లలోకి వెళ్లిపోయాయి. మూడోదాన్ని ఆరుగురు జాలర్లు తోస్తున్నారు. మా బస్సు మగవాళ్లు ఒకరి చేయి ఒకరు పట్టుకుని, మోకాళ్ల లోతు నీళ్లలో వరసగా నడుస్తూ కాళ్లతో అడుగంతా వెతుకుతున్నారు. ఆడవాళ్లు ఇసుకలో కూర్చుని ఏడుస్తున్నారు. నేను మెడలో విజిల్, చేతిలో పేర్ల జాబితా పట్టుకుని ఆ చివర నుంచి ఈ చివరకు పరుగెత్తుతున్నాను.

"మారుతీ! ఓ మారుతీ!" అని ఒడ్డంతా ఒకటే అరుపు.

బస్సు తలుపు పక్కన ఒక చెక్కపలక. దాని మీద ఒకే ఒక్క రేకు బిళ్ల వేలాడుతోంది. మేకుతో గుచ్చిన అంకె ముప్పై ఎనిమిది. పలక కింద కొమురయ్య తాత చేతికర్ర ఆనించి నిలబడ్డాడు.

"తాతా, మీరు కూడా వస్తే బాగుంటుంది, నలుగురికీ చెప్పగలరు," అన్నాను.

"నేనీడికెల్లి కదల బిడ్డా. బిళ్ల పలక మీదున్నదంటే మనిషి లోపట్నే ఉన్నడు. మనిషి పైకొచ్చేదాక సర్దార్ కదలద్దు."

లోపల అంటే ఆయన లెక్కలో బొగ్గుబావి లోపల. ఇక్కడ బొగ్గుబావి లేదు కాబట్టి సముద్రం లోపల. ఆ మాట విని ఆడవాళ్లు ఇంకా గట్టిగా ఏడ్చారు.

ఆ సాయంత్రం గురించే రాస్తాను. ఎనిమిదేళ్ల ఉద్యోగంలో నేను నేర్చుకున్నది చాలా వరకు ఆ ఒక్క సాయంత్రమే నేర్చుకున్నాను.

ముప్పై రెండేళ్లకు రిటైర్మెంటు

నా పేరు సలోమి. మాది సరిహద్దులో, మరాఠీ వాళ్ల వైపు ఉన్న రాజురా. నాన్న సాస్తి గనిలో డంపర్ నడిపేవాడు. నేను పదో తరగతి వరకు మరాఠీలో చదివాను. తెలుగు చదవడం అమ్మ పక్కన కూర్చుని చర్చి పాటల పుస్తకంలో నేర్చుకున్నాను. ఇరవై నాలుగేళ్లకు ఒక చిన్న టూర్ ఆఫీసులో గైడుగా చేరాను. ముప్పై రెండేళ్లకు నడుం పోయింది. ఇక బస్సులో నిలబడితే మంచం మీదే ఉంటావని డాక్టర్ చెప్పాడు. నేను రిటైర్ అయ్యానంటే అమ్మ నవ్వుతుంది. నవ్వనీ. ఇప్పుడు నా చోట ఇద్దరు ఆడపిల్లలు చేరారు. "అక్కా, పనెట్లుంటదో జెప్పు" అని అడిగారు. వాళ్లకోసం ఇది.

మీకు ఒక పుస్తకం ఇస్తారు, ఏ ఊళ్లో ఏ గుడి, ఏ కోట, ఎన్ని మెట్లు అని. అది చదవండి, మరచిపోండి. పనికొచ్చేది అందులో లేదు.

మా మాలిక్ వామన్‌రావ్ కాకా. మనసు మంచిది, కడుపు చెడ్డది. బస్సెక్కితే వాంతి. రాజురా నుంచి బల్లార్‌పూర్ వెళ్లడానికి కూడా నిమ్మకాయ పట్టుకునేవాడు. అందుకని ముప్పై ఏళ్లుగా టూర్ ఆఫీసు నడుపుతూ కూడా ఒక్క టూరుకూ వెళ్లలేదు. కానీ సలహాలు మాత్రం అన్నీ ఆయనవే.

"సలోమీ, మనిషి సెలవు మీద మూడు చూస్తాడు," అనేవాడు గోడ మీద కొబ్బరిచెట్ల పోస్టర్ చూపిస్తూ. "నగరంలో ఎత్తు. పల్లెలో తిండి. సముద్రం దగ్గర తన ఫోటో. నాలుగోది ఏదైనా అడిగితే నువ్వు పాట పాడు."

నేను ఎనిమిదేళ్లలో చాలా పాటలు పాడాను. ఎందుకంటే ఎవరూ ఆ మూడూ అడగలేదు. అందరూ నాలుగోదే అడిగారు.

బిళ్లలు ఎక్కడి నుంచి వచ్చాయి

అది నేను చేరిన రెండో ఏడు. పత్తి అమ్ముడైపోయిన తర్వాతి నెలలు మాకు సీజన్. ఎనిమిది రోజుల టూరు: ఒక పల్లె, ముంబై, కొంకణ్ తీరం. సాస్తి, బల్లార్‌పూర్ గనుల్లో రిటైరైన వాళ్లు, వాళ్ల భార్యలు, అంతా కలిపి ముప్పై ఎనిమిది మంది. ఇంకా సీట్లు మిగిలితే కాకా జివతి కొండల్లోని ఒక ఊరి నుంచి ఒక రైతు జంటను చేర్చాడు. ఆయన పోచయ్య, ఆమె లచ్చవ్వ. బస్సులో అందరూ ఆయన్ని "జివతి మామ" అనేవారు. అసలు పేరు ఎవరూ అడగలేదు. ఈ సంగతి గుర్తుపెట్టుకోండి.

అంతకుముందు టూరులో నేను ఒక పెద్దావిడను సంతలో మర్చిపోయి బస్సు కదిలించాను. నలభై కిలోమీటర్లు పోయాక తెలిసింది. వెనక్కి వెళ్లేసరికి ఆమె గాజుల దుకాణంలో కూర్చుని వచ్చేవాళ్లకు గాజులు తొడుగుతోంది. ఆమెకు కోపం రాలేదు, నాకు మాత్రం నిద్ర కరువైంది. ఈ సంగతి, టూరు మొదలయ్యేముందు, మాతో వస్తున్న కొమురయ్య తాతకు చెప్పాను. ఆయన భూగర్భ గనిలో సర్దార్ చేసినవాడు. అంటే తన షిఫ్టులో ఎంతమంది కిందికి దిగారో అంతమందినీ పైకి తీసుకురావాల్సిన మనిషి.

"తలకాయలు లెక్కవెడితె గిట్లనే అయితది," అన్నాడు. "తలకాయలు కదుల్తయి. బిళ్లలు కదలవు. నాకు జాబిత ఇయ్యి."

ఆ రాత్రికి రాత్రే నూనె డబ్బా రేకు కత్తిరించి, మేకుతో అంకెలు గుచ్చి, పలకకు కొక్కేలు కొట్టి తెచ్చాడు. పద్ధతి సులువు. బస్సు దిగేటప్పుడు నీ బిళ్ల పలకకు తగిలించు. ఎక్కేటప్పుడు తీసుకో. పలక ఖాళీ అయితే అందరూ వచ్చినట్టు. బిళ్ల ఉంటే ఎవరో బయట ఉన్నట్టు.

"ముప్పై రెండేండ్లు బిడ్డా," అన్నాడు. "ఒక్కనాడు ఒక్క బిళ్ల తప్పలె."

రాజురా బస్టాండులో తెల్లవారుజామున నేను అక్షరాల వరసలో రాసిన జాబితా చదువుతూ బిళ్లలు పంచాను. చలి. కళ్లు కాగితం మీదే. పేరు పిలవడం, చెయ్యి ముందుకు రావడం, బిళ్ల పెట్టడం. నలభై ఒక్క పేర్లు, నలభై ఒక్క బిళ్లలు, అన్నీ అయిపోయాయి. నాకెంత గర్వంగా అనిపించిందో.

తలలు మాత్రం లెక్కపెట్టలేదు. తలలు కదుల్తాయి కదా.

పల్లె

మొదట ఆగింది పుణె దాటాక ఒక తోటలో. నగరాల వాళ్లు పల్లె జీవితం చూడటానికి వచ్చే చోటు. గేటు దగ్గర తలపాగా చుడతారు. పది నిమిషాలు ఎడ్లబండి, మీ చేత్తో మీరు కోసుకునే వంకాయలు, మట్టి పొయ్యి మీద కాల్చిన భాకరి రొట్టె. కాకా పోస్టర్‌లో దీనికి "నిజమైన గ్రామం" అని రాశాడు.

జివతి మామ తలపాగా చుట్టించుకోలేదు. ఆయన తల మీద అప్పటికే ఒకటి ఉంది. ఎడ్లబండి చూసి మొహం చిట్లించాడు.

"కాడి అడ్డంగ గట్టిండ్రు. ఎద్దు మెడ పుండైతది."

విప్పి మళ్లీ కట్టాడు. తరవాత వంకాయ మడిలో గడ్డి కనబడింది. కూర్చున్నాడు. లచ్చవ్వ పక్క వరస పట్టింది. నేను పిలిస్తే "వస్తున్నం బిడ్డా, ఈ సాలు ఒక్కటి" అన్నారు. అలా నాలుగు సాళ్లు. పుణె నుంచి వచ్చిన ఇంకో బస్సువాళ్లు వాళ్ల చుట్టూ చేరి ఫోటోలు తీసుకోవడం మొదలుపెట్టారు. ఒకమ్మాయి లచ్చవ్వ చేతికి కొడవలి ఇచ్చి "ఆజీ, జరా హసా" అంది, కొంచెం నవ్వమని.

లచ్చవ్వ నవ్వింది. "మేం సెలవు మీదొచ్చినం," అని తెలుగులో చెప్పింది. ఆ అమ్మాయికి అర్థం కాలేదు, ఇంకో నాలుగు ఫోటోలు తీసింది.

సాయంత్రం తోట యజమాని నన్ను పక్కకు పిలిచి ఆ జంటను ఒక నెల ఇక్కడే ఉంచగలవా అని అడిగాడు. నేను పాట పాడాను.

నగరం

ముంబైలో కాకా చెప్పిన ఎత్తైన భవనాలు చూపించాను. గని మనుషులు తల ఎత్తి ఒకసారి చూశారు, దించేశారు. ఎత్తు వాళ్లకు ఏమంత విషయం కాదు. కానీ భూమి కింద నడిచే రైలు స్టేషన్‌లోకి మెట్లు దిగుతుంటే అందరి నడక మారిపోయింది. వంగని నడుములు కొంచెం వంగాయి. మాటలు తగ్గాయి.

కొమురయ్య తాత గోడ దగ్గరకు వెళ్లి చేతికర్రతో టక్ టక్ అని కొట్టి చెవి ఆనించాడు. గనిలో పైకప్పు గట్టిగా ఉందో లేదో అలా కొట్టి వింటారు. మంచి రాయి ఒక చప్పుడు చేస్తుంది, ఊడే రాయి ఇంకో చప్పుడు. ఆయన కొట్టడం చూసి ఇంకో ఎనిమిది మంది పెద్దవాళ్లు తలా ఒక స్తంభం ఎంచుకున్నారు. స్టేషనంతా టక్ టక్ టక్.

సెక్యూరిటీ వాళ్లు పరుగెత్తుకొచ్చారు. "క్యా కర్ రహే హో బాబా?"

"రూఫ్ అచ్ఛా హై," అన్నాడు తాత, మెచ్చుకుంటూ. తరవాత చుట్టూ చూసి నన్నడిగాడు, "బిడ్డా, ఇంతమంది కిందికి దిగుతున్నరు. లెక్క ఏడుంది?"

"టికెట్ ఉంటది కద తాతా."

"టికెట్ జేబుల ఉంటది. కింద ఎవడున్నడో పైన ఎవనికి తెలుస్తది?"

  ఆ రోజు మిగతా స్థలాలు చూడలేదు. రెండు గంటలు ఆ స్టేషన్‌లోనే కూర్చుని, వచ్చే జనాన్ని చూసి బాధపడి పైకొచ్చాం. టూరులో అన్నిటికన్నా బాగున్నది ఏదని తరవాత అడిగితే అందరూ అదే చెప్పారు.

అమ్మాయిలూ, మీకు చెప్పేది ఇదే. సెలవు మీద మనిషి కొత్తది చూడటానికి వస్తాడని కాకా అనుకునేవాడు. వచ్చేది తన పని ఇంకోచోట ఎట్లా జరుగుతుందో చూడటానికి. వదిలేయండి. వాళ్ల ముఖంలో వెలుగొచ్చే చోట బస్సు ఆపండి.

సముద్రం

కొంకణ్‌లో మేం ఆగింది చిన్న జాలరి ఊరు. మధ్యాహ్నం భోజనం అయ్యాక ఒడ్డుకు దిగాం. బిళ్లలన్నీ పలకకు చేరాయి. చాలామందికి అదే మొదటిసారి సముద్రం.  కొమురయ్య తాత వంగి పిడికెడు ఇసుక తీసుకున్నాడు. బొగ్గు తీసేసిన ఖాళీలను ఇసుకతోనే నింపుతారు, పైన భూమి కుంగకుండా.

"ఇంత ఇసుక! మాకు రోజుకు రెండు డబ్బాలు తక్కువ వచ్చేది," అన్నాడు. ఆయన గొంతులో కోపమే ఉంది.

అందరూ నీళ్లలో ఆడారు, తడిశారు, అరిచారు. సాయంత్రం ఐదింటికి నేను విజిల్ ఊదాను. ఎక్కారు. పలక చూశాను. ముప్పై ఎనిమిదో బిళ్ల ఒక్కటే వేలాడుతోంది.

జాబితాలో ముప్పై ఎనిమిది: మారుతి. ఊరు జివతి తాలూకా.

"మారుతి ఎవరు? ఎవరన్నా చూసిండ్రా?"

అప్పుడు మొదలైంది అసలు విచిత్రం. ప్రతివాళ్లూ చూశారు.

"గా ఎర్ర తువ్వాల ఆయననా? పొద్దుగాల నాకు తమాకు ఇచ్చిండు," అన్నాడు రామ్‌చందర్. గనిలో డ్రిల్లరు, నోరు ఎక్కువ.

"పొట్టిగుంటడు, మాట తక్కువ," అన్నారు ఇంకొకరు.

"నా సంచి మోసిండమ్మా ముంబైల. దేవుడసుంటి మనిషి!" అని ఒకావిడ గుండె బాదుకుంది.

"ఇంటికాడ చిన్న పిల్లలున్నరట," అని ఇంకొకావిడ. ఎవరు చెప్పారో తెలియదు.

అరగంటలో మారుతికి ఒక భార్య, ఇద్దరు ఆడపిల్లలు, ఒక అప్పు, మోకాలి నొప్పి వచ్చేశాయి. వెనకనుంచి రెండో సీటు ఆయనదని ఒప్పుకుని దాని మీద ఉన్న సంచులు తీసేసి తువ్వాల పరిచారు. జాలర్లు వలలు ఒడ్డున పారేసి పడవలు దించారు. "ఎటు పోయాడు?" అని వాళ్లు అడిగితే ఎవరో జివతి మామను ముందుకు తోశారు, అదే తాలూకా మనిషి కదా అని.

మామ లచ్చవ్వ వైపు చూశాడు. "నేను... జూసిన. అటు వోయిండు," అని ఉత్తరం వైపు చూపించాడు.

"ఎట్లుంటడు?"

"నా లెక్కనే ఉంటడు."

పడవలు ఉత్తరం వైపు వెళ్లాయి.

నేను "మారుతీ!" అని అరిచినప్పుడల్లా మామ నోరు తెరవడం, పక్కనున్న లచ్చవ్వ ఆయన నోటికి కొంగు అడ్డం పెట్టడం రెండుసార్లు చూశాను. దుఃఖం అనుకున్నాను. మూడోసారి ఆమె నన్ను చెయ్యి పట్టి బస్సు వెనక్కి లాక్కెళ్లింది. మామ కూడా వచ్చాడు.

మారుతి ఎవరు

"బిడ్డా, ఎవలకు జెప్పకు," అంది లచ్చవ్వ. "మారుతి ఈయననే."

వాళ్ల ఊరు రెండు రాష్ట్రాలూ మాదంటే మాది అనే ఊరు. రెండు బడులు, ఇద్దరు సర్పంచులు, మనిషికి రెండు కార్డులు. అటువైపు తెలుగు కార్డులో ఆయన పోచయ్య. ఇటువైపు మరాఠీ బడిలో చిన్నప్పుడు మాస్టరు మారుతి అని రాసుకున్నాడు, అదే ఉండిపోయింది. ఎవరైనా కాగితం అడిగితే ఆ ఊళ్లో రెండూ ఇస్తారు. ఒకటి ఇస్తే రెండో సర్కారుకు కోపం వస్తుందని. మా ఫారం కూడా అలాగే రెండుసార్లు నింపించాడు. జిరాక్సు ఫోటోల్లో అందరి మొహాలూ బొగ్గుల్లా ఉంటాయి, నేను పట్టించుకోలేదు. జంటకు డబ్బు కట్టిన సంగతి కాకాకు తెలుసు, మూడు ఫారాలు వచ్చిన సంగతి నాకు తెలుసు. ఇద్దరం ఒకరినొకరు అడగలేదు.

"మరి రాజురాల పోచయ్య అని పిలిస్తే పలికినవ్, మారుతి అంటే మల్ల పలికినవా మామా?"

"పిలిచినవు, పలికిన. మా ఊర్ల గట్లనే బిడ్డా. అటు తహసీల్దారొచ్చి పిలిస్తె ఉన్న అంట, ఇటాయనొచ్చి పిలిస్తె హజర్ అంట. పలకకుంటె పేరు కొట్టేస్తరు."

రెండు బిళ్లలు. నాలుగు రోజులు ప్రతి చోటా రెండూ శ్రద్ధగా తగిలించాడు, రెండూ శ్రద్ధగా తీసుకున్నాడు. వంటామె శాంతాబాయి దిగకముందే బస్సులో బిళ్ల చూసి పళ్లెం ఇస్తుంది కాబట్టి రెండు పళ్లేలు. ఆ రోజు మధ్యాహ్నం లచ్చవ్వకు కోపం వచ్చింది. ఇద్దరి తిండి తింటున్నవు, పరాయి ఊర్ల పాపం, ఒక బిళ్ల వాపసియ్యి అంది. సిగ్గుపడి ఆయన ముప్పై ఎనిమిదిని పలక మీదే వదిలేశాడు. జీవితంలో మొదటిసారి ఒక పేరు తిరిగిచ్చాడు. దానికి మూడు పడవలు సముద్రంలోకి దిగాయి.

నాకు నవ్వొచ్చింది. నిజంగా నోరు మూసుకుని నవ్వాను. అంతలో లచ్చవ్వ మొహం చూశాను.

"పోలీసాయనొచ్చిండు," అంది.

ఒడ్డు మీద ఒక హవల్దార్ మోటారుసైకిల్ దిగుతున్నాడు.

"పేరు రాసుకుంటడు. మా తహసీలుకు ఫోన్ జేస్తడు," అన్నాడు మామ. "మారుతి ఫోటో దీస్తె నేనే ఉంట. రెండు కార్డులెందుకని ఒకటి కొట్టేస్తరు. చెలక పట్టా పోచయ్య పేర ఉన్నది. ఈమె గుండె మందులు మారుతి కార్డు మీదొస్తయి. ఏది కొట్టేస్తరో."

 ఆయన తువ్వాల తీసి చేతిలో నలుపుతున్నాడు. అది ఎర్రదే.

నేను చేసిన తప్పులు ఒకదాని వెంట ఒకటి

నేను ముందు అందరి దగ్గరకు వెళ్లి అన్నాను, "ఆగండి, మారుతి అనే మనిషే లేడు. జాబితాలో తప్పు పడింది."

ఎవరూ నమ్మలేదు.

"కంపెని పరువు కోసం దాస్తున్నవా?" అన్నాడు రామ్‌చందర్. "మనిషి లేకుంటె బిళ్ల ఎట్లొచ్చింది? నేను తమాకు తీసుకున్న ఆయన దగ్గర!"

"పాపం ఆ ఆడపిల్లలు," అని సంచి మోయించుకున్నావిడ నన్ను చూసి ఛీ అంది.

హవల్దార్ దగ్గరకొచ్చాడు. మంచివాడు, తొందరలేని మనిషి. "తాయీ, జాబితా ఇవ్వు. తప్పిపోయిన మనిషి పేరు, ఊరు రాసుకోవాలి. ఈ రాత్రికే వాళ్ల తాలూకాకు కబురు పెడతాను," అని మరాఠీలో అన్నాడు. పెన్ను కోసం జేబులు తడుముకుంటున్నాడు.

నేను రెండడుగులు వెనక్కి వేశాను. అల వచ్చింది. చేయి వదిలాను. జాబితా నీళ్లలో తేలి, తిరిగి, ముద్దయిపోయింది. "అయ్యో," అన్నాను. నాకు నటన రాదు. ఆయన నా మొహం చూశాడు, కాగితం చూశాడు, పెన్ను మూత మళ్లీ పెట్టాడు.

"పేరు గుర్తుంటుంది కదా?" అన్నాడు.

గుర్తులేదని ఎట్లా చెప్పాలి? గంట నుంచి ఊరంతా ఆ పేరే అరుస్తోంది. ఊరి పేరు ఒక్కటే ఆయనకు తెలియాల్సి ఉంది. బస్సులో ఎవరు ముందు నోరు తెరిచినా అయిపోతుంది.

అప్పుడు పరుగెత్తి పలక దగ్గరకు వెళ్లాను. కొమురయ్య తాత అక్కడే ఉన్నాడు, ఇంకా కూర్చోలేదు. ఆయనకు చెవిలో మొత్తం చెప్పాను. రెండు కార్డులు, రెండు బిళ్లలు, గుండె మందులు. ఆయన మొహంలో ఏ మార్పూ లేదు.

"అంటే అందరు పైకొచ్చిండ్రు," అన్నాడు.

"అందరూ వచ్చిండ్రు తాతా."

"గదే నాకు గావాలె."

బిళ్ల కొక్కెం నుంచి తీశాడు. కర్ర ఊనుకుంటూ ఇసుకలోకి నడిచాడు. ఆయన పలక దగ్గర నుంచి కదలడం చూసి అందరూ ఆగిపోయారు. నీళ్లలో వరసగా ఉన్నవాళ్లు కూడా.

హవల్దార్ ముందు నిలబడి బిళ్ల ఆయన చేతిలో పెట్టాడు. వచ్చీరాని మరాఠీలో, అందరికీ వినబడేలా చెప్పాడు. "సాబ్, మనిషి లేడు. బిళ్లలు నేనే కత్తిరించిన. నలభైకి నలభై ఒకటి కత్తిరించిన. లెక్క నాదే తప్పింది. ముసలోణ్ని."

"మరి ఈ మారుతి?" అన్నాడు హవల్దార్.

"దేవుని పేరు సాబ్. ఆపదల అందరు పిలుస్తరు."

హవల్దార్ ఒడ్డు మీద నలభై మందిని చూశాడు. ఏం అర్థమైందో నాకు తెలియదు. బిళ్లను జేబులో వేసుకుని, మోటారుసైకిల్ హెడ్‌లైట్ మూడుసార్లు వెలిగించి పడవల్ని వెనక్కి పిలిచాడు.

జాలర్లు తిట్టుకుంటూ దిగారు. నేను ఒక్కొక్కరికీ చేతులు జోడించాను. కానీ నాకు వినబడింది మాత్రం రామ్‌చందర్ మాటే. ప్యాంటు పిండుకుంటూ, నవ్వుతూ అన్నాడు.

"ముప్పై రెండేండ్లు మమ్ములను గూడ గిట్లనే లెక్కవెట్టినవా సర్దారూ?"

అందరూ నవ్వారు. భయం పోయిన నవ్వు, ఎవరికీ చెడు ఉద్దేశం లేదు. తాత కూడా నవ్వినట్టు పెదవులు కదిలించాడు. రాత్రి భోజనాల దగ్గర అదే హాస్యం. "సర్దార్‌కు రెండు రొట్టెలియ్యి, ఆయన మూడు లెక్కవెడతడు." "మన గనిల ఇంక ఎవడన్న కింద మిగిలిండేమో పోయి చూడాలె." జివతి మామ తల వంచుకుని ఒకే పళ్లెం తిన్నాడు. రెండుసార్లు లేవబోయాడు, చెప్పేయడానికి. తాత కర్రతో ఆయన మోకాలు నొక్కి కూర్చోబెట్టాడు.

మీరు అడుగుతారు, నేను చేసింది సరైనదేనా అని. పోలీసాయన ముందు కాగితం నీళ్లలో వేయడం తప్పే. జాలర్ల సాయంత్రం పాడు చేశాం, అదీ తప్పే. కానీ అన్నిటికన్నా పెద్ద తప్పు రాజురా బస్టాండులో జరిగింది. చేతిలో కాగితం ఉందని మనిషి మొహం చూడలేదు. బిళ్లలు వాడండి, కాగితాలు వాడండి, ఫోన్లు వాడండి. కానీ పేరు పిలిచినప్పుడు తల ఎత్తి పలికిన మనిషిని చూడండి. ఇంతకన్నా ఈ ఉద్యోగంలో నేర్పడానికి నా దగ్గర ఇంకేమీ లేదు.

మర్నాడు పొద్దున బస్సు ఎక్కేటప్పుడు పలక దగ్గరకు ఎవరూ రాలేదు. రామ్‌చందర్ తన బిళ్లను వేలి మీద తిప్పుతూ "ఇగ ఈ రేకు ముక్కలెందుకు" అన్నాడు. కొమురయ్య తాత ఎప్పుడూ కూర్చునే ముందు సీటు వదిలేసి చివరి సీటులో కిటికీ వైపు తిరిగి కూర్చున్నాడు. కర్ర కింద పడేసి ఉంది.

నేను బస్సు మధ్యలో నిలబడి విజిల్ ఊదాను. ఒక్కొక్కరి తల మీద వేలు పెట్టి గట్టిగా లెక్కపెట్టాను.

"ముప్పై ఆరు," అన్నాను.

అందరూ ఒకరినొకరు చూసుకున్నారు. వెనక్కి తిరిగి మళ్లీ లెక్కపెట్టాను.

"నలభై మూడు."

"ఏంది పోరీ, సదువుకున్నవా లేదా?" అన్నాడు రామ్‌చందర్. బస్సంతా నన్ను చూసి నవ్వింది. నిన్నటికన్నా గట్టిగా. శాంతాబాయి నవ్వు ఆపుకోలేక గిన్నె మూతతో మొహం దాచుకుంది.

మూడోసారి మొదలుపెట్టాను. ఈసారి మధ్యలో ఆగి, వేళ్లు చూసుకుని, మొదటి నుంచి వచ్చి, కావాలనే లచ్చవ్వను రెండుసార్లు లెక్కపెట్టి, డ్రైవర్‌ను కూడా కలిపి, "నలభై రెండు," అని చివరి సీటు వైపు చూస్తూ అన్నాను.

కర్ర నేల మీద నుంచి లేచిన చప్పుడు వినిపించింది.

"జరుగు బిడ్డా," అన్నాడు కొమురయ్య తాత, సీట్ల మధ్య నుంచి వస్తూ.

నేను పక్కకు జరిగాను.